పలచటి గాలిలో పరుగు

1968 అక్టోబరు 13న మెక్సికో నగరంలో ఒలింపిక్ 10,000 మీటర్ల పరుగు జరిగింది. కెన్యావాడు నఫ్తాలీ టెము 29 నిమిషాల 27.4 సెకన్లలో గెలిచాడు. అప్పటికి ప్రపంచ రికార్డు ఆస్ట్రేలియా ఆటగాడు రాన్ క్లార్క్‌ది, 27 నిమిషాల 39.4 సెకన్లు. అంటే బంగారు పతకం వచ్చిన పరుగు రికార్డుకి నిమిషం నలభై ఎనిమిది సెకన్లు వెనకబడింది. ఆ క్లార్కే ఆరోవాడిగా గీత దాటి కుప్పకూలిపోతే ఆక్సిజన్ పెట్టి లేపాల్సొచ్చింది. మర్నాడు అదే స్టేడియంలో, అదే గాలి పీల్చుకుంటూ, జిమ్ హైన్స్ 100 మీటర్లు 9.95 సెకన్లలో పరిగెత్తాడు. ఎలక్ట్రానిక్ గడియారం మీద పది సెకన్ల లోపు వచ్చిన మొదటి మనిషి అతను.

ఆ తర్వాత నాలుగు రోజుల్లోనే టామీ స్మిత్ 200 మీటర్లు 19.83, లీ ఎవాన్స్ 400 మీటర్లు 43.86, బాబ్ బీమన్ లాంగ్ జంప్ 8.90 మీటర్లు. ఆడవాళ్ళ 100లో వయోమియా టయస్, 200లో ఇరెనా షెవిన్‌స్కా. అన్నీ ప్రపంచ రికార్డులే. దూరం పరుగులవాళ్ళు రొప్పుతూ పడిపోయినచోట పొట్టి పరుగులవాళ్ళు ఎగిరిపోయారు.

నేను జిల్లా పరిషత్ హైస్కూల్లో డ్రిల్లు మాస్టారుగా పనిచేసి రిటైరయినవాణ్ణి. నా సొంత పరుగు 400 మీటర్లు, కాబట్టి ఎవాన్స్ అంకె నాకు కంఠస్థం. ఆ రోజుల్లో మా కోచింగ్ శిబిరాల్లో మెక్సికో గురించి ఒక నమ్మకం చెలామణీలో ఉండేది: కొండమీద గాలి తక్కువ, అక్కడ ప్రాక్టీసు చేస్తే ఊపిరితిత్తులు గట్టిపడతాయి, దిగొస్తే పిడుగులా పరిగెడతాం. రిటైరయ్యాక తీరిక దొరికి ఆ కథ వెనక ఏముందో చదువుతూ వచ్చాను. అందులో రెండు వేరు వేరు సంగతులు కలిసిపోయి ఉన్నాయి. ఎత్తులో పరిగెడితే ఏమవుతుందన్నది ఒకటి. ఎత్తులో సాధన చేసి కిందికొచ్చి పరిగెడితే ఏమవుతుందన్నది ఇంకొకటి. మెక్సికో మొదటిదానికి సాక్ష్యం. మనం మాత్రం దాన్ని రెండోదానికి సాక్షిగా నిలబెట్టాం. స్ప్రింటర్ల విషయంలో ఈ చిక్కు విడిపోవడానికి నలభై అయిదేళ్ళకు పైనే పట్టింది, పూర్తిగా విడిందని ఇప్పటికీ అనలేం.

మెక్సికో నగరం సముద్రమట్టానికి దాదాపు 2,240 మీటర్ల ఎత్తు. మన రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ 1,700 మీటర్లు దాటే కొండే లేదు కాబట్టి ఆ ఎత్తు మనకి అందే అనుభవం కాదు. అక్కడి గాలిలో కూడా ఆక్సిజన్ 21 శాతమే, విశాఖపట్నం బీచిలో ఉన్నంతే. తగ్గేది గాలి ఒత్తిడి. సముద్రమట్టంలో పాదరసం 760 మిల్లీమీటర్లు నిలబడితే అక్కడ 580 చిల్లర. ఒక్కో గుక్కలో వచ్చే ఆక్సిజన్ అణువులు ఆ లెక్కనే తగ్గుతాయి. పది వేల మీటర్లు పరిగెత్తేవాడికి అది చావుదెబ్బ, వాడి ఇంధనమంతా ఆక్సిజన్ మీదే మండాలి. పది సెకన్లలో పని ముగించేవాడు కండరంలో ముందే దాచుకున్న ఫాస్ఫోక్రియాటిన్ ఖర్చుపెట్టి గీత దాటేస్తాడు. ఊపిరి లెక్క తర్వాత చూసుకుంటాడు. పైగా అక్కడ గాలి సాంద్రత కూడా సుమారు అయిదో వంతు తక్కువ, అంటే ఎదురు తోసే గాలే పలచన.

ఈ రెండో ముక్కని పట్టించుకుని కొలిచినవాడు గ్రిఫిత్ ప్యూ అనే బ్రిటిష్ శరీరశాస్త్రవేత్త. 1953 ఎవరెస్టు యాత్రలో హిల్లరీ, టెన్జింగ్‌లు పైకి చేరడానికి ఎంత ఆక్సిజన్ కావాలి, ఎన్ని నీళ్ళు తాగాలి అని లెక్కలు కట్టిన మనిషి. 1965లో ఇంగ్లండు మధ్యదూరం ఆటగాళ్ళని మెక్సికో తీసుకెళ్ళి నెలపాటు ఉంచి పరిగెత్తించాడు. నెల గడిచినా వాళ్ళ మూడు మైళ్ళ పరుగు ఇంటిదగ్గరి టైముకి రాలేదు. తర్వాత గాలి వీచే గదిలో ట్రెడ్‌మిల్ మీద మనుషుల్ని పరిగెత్తించి, గాలిని తోసుకుపోవడానికి పోయే శక్తిని 1971లో లెక్కతేల్చాడు: మధ్యదూరం వేగంలో 7.5 శాతం, స్ప్రింటు వేగంలో 13 శాతం. మెక్సికో అద్భుతాల్లో ఎంత భాగం గాలిదో, ఎంత భాగం ఆటగాడిదో విడదీయడానికి ఈ ఒక్క లెక్క చాలా దూరం తీసుకెళ్తుంది. 100 మీటర్లలో మెక్సికో ఎత్తు ఇచ్చే లాభం సెకనులో నూరింట ఏడెనిమిది వంతులు. ఒలింపిక్ ఫైనల్లో అది పతకం రంగు మార్చేంత తేడా.

అయితే మెక్సికోకి వెళ్ళేముందు ఈ సంగతి అంత తేటగా ఎవరికీ తెలియదు. 1963లో బాడెన్ బాడెన్ సమావేశంలో ఆ నగరానికి ఒలింపిక్స్ ఇవ్వగానే దేశాలు కొండలమీద పడ్డాయి. సోవియట్లు ఆర్మేనియాలో త్సాఖ్కద్జోర్ దగ్గర శిబిరం కట్టుకున్నారు. ఫ్రాన్సు పిరనీస్ కొండల్లో ఫాంట్ రొము అనే ఊళ్ళో 1,850 మీటర్ల ఎత్తున పెద్ద కేంద్రమే లేపింది. అమెరికావాళ్ళయితే కాలిఫోర్నియాలో టాహో సరస్సు పైన, ఎకో సమ్మిట్ అనే కనుమలో, అచ్చం మెక్సికో ఎత్తుకి సరిపోయేలా 2,250 మీటర్ల దగ్గర అడవిలో టార్టన్ అనే కృత్రిమ ట్రాక్ పరిచారు. దాని ఫోటోలు చూసి తీరాలి. ట్రాకు మధ్యలో ఉండాల్సిన పచ్చిక మైదానం స్థానంలో నిండా దేవదారు చెట్లు. అటువైపు వంపులో పరిగెత్తేవాడు ఇటు కూర్చున్నవాళ్ళకి కనపడడు, చెట్ల మధ్య మాయమై మళ్ళీ తేలతాడు. 1968 సెప్టెంబరులో అక్కడ జరిగిన సెలక్షన్లలో జాన్ కార్లోస్ 200 మీటర్లు 19.92లో పరిగెత్తాడు. కాలికున్న బూట్లకి మామూలు ఆరు మేకుల బదులు బ్రష్షులా 68 సన్నని ముళ్ళు ఉన్నాయని ఆ రికార్డు ఒప్పుకోలేదు. గాలి పలచబడితే నేరం కాదు, ముళ్ళు ఎక్కువైతే నేరం! నాకు ఈ న్యాయం ఇప్పటికీ మింగుడుపడదు.

ఫాంట్ రొము నుంచి వచ్చిన కథ మాలాంటివాళ్ళకి ఇంకా దగ్గరిది. కొలెట్ బెసన్ అనే ఫ్రెంచి అమ్మాయి, వృత్తి వ్యాయామ ఉపాధ్యాయిని, మెక్సికోకి ముందు పెద్దగా ఎవరికీ తెలియదు. అక్కడ ఎత్తులో సాధన చేసి మెక్సికోలో 400 మీటర్లు 52.03లో పరిగెత్తి, చివరి అడుగుల్లో ఇంగ్లండు లిలియన్ బోర్డుని దాటి స్వర్ణం ఎత్తుకుపోయింది. తేడా 0.09 సెకను. కొండ శిబిరాలకి ఇంతకంటే గొప్ప ప్రచారం ఏముంటుంది? కానీ గమనించండి, ఆమె ఎత్తులో సాధన చేసి ఎత్తులోనే పరిగెత్తింది. 400 మీటర్లంటే దాదాపు నిమిషం లెక్క, ఆ శక్తిలో ఆక్సిజన్ వాటా పెద్దదే. అలవాటుపడ్డ ఒంటికి అక్కడ మేలు జరగడంలో వింతలేదు. కొండ దిగి పారిస్‌లో పరిగెత్తితే ఏమవుతుందన్న ప్రశ్నకి ఆ పతకం జవాబు చెప్పదు.

  

మెక్సికో తర్వాత రికార్డుల కోసం కొండెక్కడం ఒక ఆనవాయితీ అయిపోయింది. ఇటలీ ఆటగాడు పియెత్రో మెన్నియా 1979 సెప్టెంబరులో ప్రపంచ విశ్వవిద్యాలయ క్రీడలకు మెక్సికో వెళ్ళి 200 మీటర్లు 19.72లో పరిగెత్తాడు. ఆ రికార్డు 1996 దాకా, మైకేల్ జాన్సన్ వచ్చేదాకా చెక్కుచెదరలేదు. హైన్స్ 9.95ని 1983 జూలైలో కాల్విన్ స్మిత్ 9.93తో తుడిచేసింది కూడా కొలరాడో స్ప్రింగ్స్ దగ్గర, అదీ కొండ మీదే. ఇటలీలోనే సెస్ట్రియేర్ అనే 2,035 మీటర్ల ఊళ్ళో ప్రపంచ రికార్డు కొడితే ఫెరారీ కారు ఇస్తామని పోటీలు పెట్టారు. 1995లో ఇవాన్ పెద్రోసో అక్కడ లాంగ్ జంప్ 8.96 దూకాడు. గాలి కొలిచే పరికరం ముందు ఎవరో మనిషి నిలబడ్డాడని తేలి ఆ రికార్డు కొట్టేశారు. అనుకూల గాలి సెకనుకి 2 మీటర్లు దాటితే రికార్డు చెల్లదు. ఎత్తుకి మాత్రం అడ్డుగీత లేదు, 1,000 మీటర్లు దాటితే జాబితాలో అంకె పక్కన ఒక అక్షరం వేసి ఊరుకుంటారు.

ఇవన్నీ పరుగు రోజున ఎత్తు చేసిన ఉపకారాలు. కానీ ఎవాన్స్ 43.86ని 1988లో జ్యూరిక్‌లో బుచ్ రేనాల్డ్స్ 43.29తో దాటాడు, బీమన్ 8.90ని 1991లో మైక్ పావెల్ టోక్యోలో దాటాడు. రెండూ పల్లపు ఊళ్ళే. ఉసేన్ బోల్ట్ సాధన చాలావరకు సముద్రం ఒడ్డున కింగ్‌స్టన్‌లో, 9.58 పరిగెత్తింది బెర్లిన్‌లో. జమైకా స్ప్రింటర్ల చరిత్ర మొత్తం తిరగేసినా కొండ శిబిరం వాళ్ళ విజయాలకి కారణమని చెప్పే ఘట్టం నాకు దొరకలేదు.

సాధన సంగతికొస్తే, దాని మూలాలు ఆటలకంటే పాతవి. ఫ్రాన్సులో పాల్ బెర్ 1878లో అచ్చువేసిన పెద్ద గ్రంథంలో, కొండమీద మనిషిని పడగొట్టేది ఆక్సిజన్ ఒత్తిడి తగ్గడమేనని ప్రయోగాలతో తేల్చాడు. అంతకు మూడేళ్ళ ముందే జెనిత్ అనే బెలూన్‌లో ఎగిరిన ముగ్గురిలో ఇద్దరు పైనే ప్రాణాలొదిలారు. 1890లో వియో అనే మరో ఫ్రెంచి వైద్యుడు పెరూలో మొరొకోచా గని ఊరికి వెళ్ళి, ఎత్తులో ఉన్నకొద్దీ రక్తంలో ఎర్ర కణాలు పెరుగుతాయని చూశాడు. తర్వాత కోచ్‌ల ఆలోచన ఆ ఎర్ర కణాల చుట్టూనే తిరిగింది. ఎర్ర కణాలతో లాభం మారథాన్‌వాడికి. పది సెకన్ల స్ప్రింటర్‌కి వాటితో పనేముంది?

అయినా కొండ లేనివాళ్ళు కొండని ఇంటికి తెచ్చుకోవడం మొదలుపెట్టారు. తూర్పు జర్మనీ 1979లో బెర్లిన్‌కి తూర్పున కీన్‌బౌమ్‌లో నేల కిందే ఒత్తిడి తగ్గించే గది కట్టింది. ట్రెడ్‌మిల్లు, సైకిళ్ళు, పడవ తెడ్లు అన్నీ లోపలే, 4,000 మీటర్ల ఎత్తుదాకా తీసుకుపోయే పంపులు. బైట తెలియకూడదని భూమిలో దాచారు. 1990ల్లో ఫిన్లాండ్‌వాళ్ళు ఇంకో తోవ పట్టారు. హైకీ రుస్కో బృందం ఇళ్ళలోకి నైట్రోజన్ వదిలి ఆక్సిజన్ పాలు తగ్గించింది. ఆటగాడు అందులో పడుకుని, బైటికొచ్చి మామూలు గాలిలో పరిగెడతాడు. 1997లో అమెరికాలో లెవీన్, స్ట్రే గుండర్సన్ చేసిన పరిశోధన కూడా దీన్నే బలపరిచింది: 2,500 మీటర్ల మీద కాపురం, 1,250 మీటర్ల దగ్గర సాధన. ఫిన్లాండ్ బృందం 2000లో 400 మీటర్లవాళ్ళ మీద ఈ పద్ధతి ప్రయత్నించి, పది రోజుల్లో ఒక శాతం మెరుగు కనిపించిందని రాసింది. నా పరుగు కాబట్టి లెక్క వేసుకున్నాను: 48 సెకన్లవాడికి దాదాపు అర సెకను. నా రోజుల్లో అర సెకను కోసం ఒక సీజను పోయేది.

ఇల్లు కట్టే స్తోమతు లేనివాళ్ళు ఊపిరే బిగబట్టారు. చెక్ వీరుడు ఎమిల్ జటోపెక్ రోజూ నడిచే దారిలో పోప్లార్ చెట్ల వరుసకి ఊపిరి బిగించి, రోజుకో చెట్టు దూరం పెంచుకుంటూ చివరికి స్పృహతప్పి పడ్డాడన్న కథ పరుగుల లోకంలో అందరూ చెప్పుకునేదే. 1970ల్లో అమెరికా ఈత కోచ్ జేమ్స్ కౌన్సిల్‌మన్ తన ఈతగాళ్ళచేత గాలి తక్కువ పీల్పించి దానికి ఆక్సిజన్ కొరత సాధన అని పేరు పెట్టాడు. ఊపిరి నిండా పట్టి ఆపితే ముందు పెరిగేది బొగ్గుపులుసు వాయువు, ఆక్సిజన్ పెద్దగా తగ్గదని తర్వాతివాళ్ళు కొలిచి చూపించారు. దీనికి విరుగుడు కనిపెట్టినవాడు ఫ్రాన్సులో జేవియర్ వూరోన్స్. గాలి వదిలేసి, ఊపిరితిత్తులు సగం ఖాళీ చేసి, అప్పుడు ఆపమన్నాడు. అలా చేస్తే రక్తంలో ఆక్సిజన్ నిజంగానే దిగుతుంది.

ఇది చదివినప్పుడు నాకు మా ఊరి చెడుగుడు బరి గుర్తొచ్చింది. కూతకి వెళ్ళేవాడు చేసేదేమిటి? ఊపిరి వదులుతూనే కూత పెట్టి, గుక్క తిప్పుకోకుండా పరిగెత్తి, పెనుగులాడి, గీతకి చేరాలి. వచ్చి కాస్త నిలబడగానే మళ్ళీ కూత. ఖాళీ అవుతున్న ఊపిరితో పదే పదే స్ప్రింటు చేయడం ఏ ప్రయోగశాలా పుట్టకముందే మన బరుల్లో ఉంది. చెడుగుడు శాస్త్రం తెలిసి పుట్టిందని నేననను. ఊపిరి ఆటలో నియమం కావడం వల్ల ఒంటికి ఏమవుతుందో మన విశ్వవిద్యాలయాలు గట్టిగా కొలిస్తే బాగుండునని మాత్రం అంటాను.

ఎందుకంటే కథలో అసలు మలుపు సరిగ్గా ఇక్కడే వచ్చింది. ఒక్క స్ప్రింటుకి ఆక్సిజన్ అవసరం కొద్దిదే. కానీ ఒక స్ప్రింటు అయ్యాక ఖర్చయిన ఫాస్ఫోక్రియాటిన్ మళ్ళీ నిండాలంటే ఆక్సిజన్ కావాలి. ఇరవై సెకన్ల విరామంతో పదిసార్లు పరిగెత్తించండి, ఊపిరి ఎవరికి ఎంతుందో ఆరోసారికి బైటపడుతుంది. స్టాక్‌హోమ్‌లో బాల్సమ్, ఎక్‌బ్లోమ్ బృందం 1994లోనే, 3,000 మీటర్ల ఎత్తుకి సరిపడే గాలిలో ఇలాంటి స్ప్రింట్లు చేస్తే చివరివి నీరసిస్తాయని చూపించింది. స్విట్జర్లాండ్‌లో లొజాన్ నగరంలో రఫాయెల్ ఫైస్, గ్రెగ్వార్ మిలే బృందం ఈ బలహీనతనే సాధనగా మార్చింది. 2013లో అచ్చయిన వాళ్ళ ప్రయోగంలో సైకిలిస్టులు నాలుగు వారాల్లో ఎనిమిదిసార్లు వచ్చారు. పది సెకన్ల స్ప్రింటు, ఇరవై సెకన్ల విరామం, అలా అయిదు, ఆ అయిదు మూడుసార్లు. సగంమంది 3,000 మీటర్ల గాలిలో, సగంమంది మామూలు గాలిలో. గాలి పేరు వాళ్ళకి చెప్పలేదు.

ఫలితం చూసి నేను పేజీ మళ్ళీ వెనక్కి తిప్పాను. ఒక్క స్ప్రింటు బలం రెండు జట్లకీ దాదాపు ఒకేలా, ఆరు శాతం దాకా పెరిగింది. పలచటి గాలి అక్కడ పైసా అదనం ఇవ్వలేదు. కానీ అలసిపోయేదాకా ఎన్ని స్ప్రింట్లు చేయగలరని చూస్తే, పలచటి గాలి జట్టు తొమ్మిది చిల్లర నుంచి పదమూడుకి పోయింది, మామూలు గాలి జట్టు ఉన్నచోటే ఉంది. కారణం వాళ్ళు చెప్పేదేమంటే, ఆక్సిజన్ తగ్గినప్పుడు కండరంలోని సన్న రక్తనాళాలు ఎక్కువ విప్పారతాయి, వేగంగా ముడుచుకునే తంతువులకి రక్తం బాగా చేరుతుంది, విరామంలో అవి త్వరగా తేరుకుంటాయి. శక్తి అంతా పెట్టి పరిగెడితేనే ఇది, మెల్లగా పరిగెడితే రాదు. హాకీ, ఫుట్‌బాల్, రగ్బీ జట్లు ఎగబడ్డాయి. ఫీల్డ్ హాకీవాళ్ళ మీద రెండు వారాల శిబిరంతో చేసిన పరిశోధన 2015లో మంచి ఫలితాలే చూపింది.

అందరూ ఒప్పుకోలేదు. మొంతేరో, లుండ్బీ అనే ఇద్దరు 2017లో, పరిగెత్తేవాడికీ కొలిచేవాడికీ ఏ గాలో తెలియకుండా, ఒకే మనుషుల మీద రెండు గాలులూ మార్చి మార్చి ప్రయోగించారు. తేడా ఏమీ లేదని తేల్చారు. ముందటి ఫలితాల్లో నమ్మకం పాలు ఉందా అన్న అనుమానం అక్కడినుంచి బలపడింది. ఆ అనుమానం ఆరోగ్యకరమైనదే. నాకు మాత్రం, పదోసారి స్ప్రింటుకి లేచే శక్తి విషయంలో ఏదో ఉందనిపిస్తుంది. మొదటిసారి లేచే వేగం విషయంలో ఏమీ లేదనిపిస్తుంది. మా శిబిరాల్లో మాకు చెప్పిన పిడుగు కథ సరిగ్గా ఆ మొదటిదాని గురించి.

ఈలోగా సరుకు అమ్మేవాళ్ళు ఊరుకోరు కదా. ఆక్సిజన్ తగ్గించే డేరాలు మంచాలకి బిగించి అమ్మారు. 2006లో ప్రపంచ డోపింగ్ నిరోధక సంస్థ వాటిని నిషేధించాలా అని చర్చించి, వద్దని వదిలేసింది. ఇప్పుడు మా గ్రౌండుకి వచ్చే కుర్రాళ్ళు నల్లటి మాస్కులు మొహానికి తగిలించుకుని స్ప్రింట్లు చేస్తున్నారు. పెట్టె మీద కొండ బొమ్మ ఉంటుంది. ఆ మాస్కు గాలి లోపలికి పోయే తోవని ఇరుకు చేస్తుంది, అంతే. గాలిలో ఆక్సిజన్ ఒత్తిడి ముట్టుకోదు. ఊపిరి పీల్చే కండరాలకి కాస్త కసరత్తు అవుతుంది. 3,000 మీటర్ల గాలి మాత్రం ఆ పెట్టెలో లేదు.

నిజంగా కావాలంటే మన దేశంలో హిమాచల్‌లో నార్కండ దగ్గర శిలారూ కేంద్రం ఉంది, ఎనిమిది వేల అడుగుల ఎత్తున. మా కబడ్డీ పిల్లల్లో ఒకడు దాని గురించి అడిగాడు. వాడు ఇరవై మీటర్ల స్ప్రింట్లు ముప్పై సెకన్ల విరామంతో చేస్తాడు, ఆరోదానికి నడుమ్మీద చేతులు పెట్టి నిలబడతాడు. ముందు విరామం ఇరవై సెకన్లకి తెచ్చి, పదింటినీ ఒకే టైములో పూర్తిచేసి చూపించమన్నాను. ప్రస్తుతం ఎనిమిదో దగ్గర ఉన్నాడు.